పెద్ద టీ, చిన్న టీ

జూన్ 3

మా ఇంటి కంప్యూటర్‌కు ఇవాళ స్వాతంత్ర్యం వచ్చింది. నాకు పోయింది.

పాత వ్యవస్థ ముసలిదైపోయిందనీ, ఇక దానికి మందూ మాకూ వేసేది లేదనీ తెర మీద ఎర్రటి హెచ్చరిక రావడం మొదలై చాలా రోజులైంది. అత్తయ్యగారు మాట్లాడే ప్రోగ్రాం కూడా దానితోపాటే గడువు తీరి మూగబోయింది. ఆవిడ అక్షరాలు కొడితే అది పైకి చదివేది. పోయిన ఏడాది ఆపరేషన్లో స్వరపేటిక తీసేశాక ఆవిడకున్న గొంతు అదొక్కటే. "కొత్తది కొందాం" అంటే మా ఆయన, "ఎందుకు, మా లిఫ్టుల ఆఫీసులో అందరం లినక్స్ అనే ఉచిత వ్యవస్థకు మారిపోయాం, ఎవడి చేతి కిందా ఉండక్కర్లేదు, మనమూ మారదాం" అన్నాడు. మనం అంటే నేను. మా ఇంట్లో "మనం చేద్దాం" అన్న పని ఏదైనా చివరికి నా నెత్తిమీదే పడుతుంది.

ఆయన లిఫ్టులో ఎవరో ఇరుక్కున్నారని ఫోన్ వస్తే వెళ్లిపోయాడు. నేను పాతది తుడిచేసి కొత్తది ఎక్కించాను. ఎక్కించడం సులువే. తెర మీద చక్కటి కొండ బొమ్మ వచ్చింది. అత్తయ్యగారు కుర్చీ జరుపుకొని కూర్చుని, నా మొహం, కొండ మొహం మార్చి మార్చి చూశారు.

కొండ కూడా మాట్లాడలేదు.

జూన్ 4

శబ్దం రాలేదు.

జూన్ 6

నేను పనిచేసే కళ్లజోళ్ల దుకాణంలో ఎవరూ లేరు. అద్దాలు కోసే యంత్రం పక్కన కూర్చుని రాస్తున్నాను. ఇంట్లో రాస్తే "ఏంటి రాస్తున్నావ్" అని ఒకరు అడుగుతారు, అడగలేని ఇంకొకరు వెనక నుంచి చదువుతారు.

శబ్దం కోసం "ఇచ్చిపుచ్చుకోలు" అనే చోట చేరాను. ఉచిత సాఫ్ట్‌వేర్ వాడే తెలుగువాళ్లంతా కష్టసుఖాలు చెప్పుకునే సైటు. అక్కడో వింత నియమం ఉంది. ప్రశ్న వేసేవాళ్లు పనికొచ్చే ఇంటి చిట్కా ఒకటి ముందుగా చెప్పి తీరాలి. చిట్కా లేని ప్రశ్నకు జవాబివ్వరు. నా తలకాయ నొప్పితో నేనుంటే నాకు చిట్కాలెక్కడివి. "కళ్లజోడును చొక్కా అంచుతో తుడవకండి, సబ్బునీళ్లతో కడగండి" అని రాశాను. పొద్దస్తమానం దుకాణంలో చెప్పేదే కదా.

తుప్పుబోల్టు అనే పేరుతో ఒకాయన వెంటనే జవాబిచ్చాడు. "అన్నా, శబ్దం మూసేసి ఉందేమో ఓసారి చూడు."

మూసేసే ఉంది. తెరిచాను. థాంక్స్ చెప్పాను. నేను అన్నను కాను, అక్కను అని చెప్పలేదు. ఇంత చిన్న విషయానికి అడిగింది ఆడమనిషి అని తెలిస్తే లోకంలో ఆడవాళ్లందరి తరఫునా తలదించుకోవాల్సి వచ్చేది నేనే.

జూన్ 8

గొంతు వచ్చింది. మగగొంతు.

ఆడగొంతు కూడా ఉందట గానీ అది తెలుగును పరాయిదేశం వాళ్లు చదివినట్టు చదువుతోంది. ఈ మగగొంతు నయం. జలుబు చేసిన రోడ్డు కాంట్రాక్టరులా ఉంటుంది, కానీ తెలుగువాడే.

అత్తయ్యగారు కూర్చున్నారు. ఎడమ చూపుడువేలితో ఒక్కో అక్షరం ఏరుకుంటూ కొట్టారు. నేనూ మా ఆయనా వెనక నిలబడ్డాం. కాంట్రాక్టరు గొంతు సవరించుకొని అన్నాడు:

"కోదలా, తీ పెత్తు."

మా ఆయనకు ముందు అర్థం కాలేదు. తర్వాత నవ్వాడు. నేను ఆపుకుందామనుకున్నాను. ఆవిడ మళ్లీ కొట్టారు. "ఇతు రా. తీవీ సౌందు తగ్గించు." అంత మోటు గొంతులో ఆ ముద్దుమాటలు విని నేనూ నవ్వేశాను, కళ్లనీళ్లు తుడుచుకునేంతగా. ఈ ఇంటికి వచ్చిన కొత్తలో నేను "నీల్లు" అంటే, "నీళ్లు అను, ఆ అక్షరం నిన్నేం చేసింది" అని నాతో మళ్లీ మళ్లీ అనిపించిన మనిషి ఆవిడ. ఉద్యోగమంతా బస్టాండులో మైకు ముందే. ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో ఊరికి చెప్పిన గొంతు. అక్షరం పలకనివాళ్లను మనుషుల్లో జమకట్టేవారు కాదు.

అత్తయ్యగారు ల్యాప్‌టాప్ మూత వేసేశారు.

జూన్ 9

రెండు పూటలా మూత తీయలేదు. ఇల్లు ప్రశాంతంగా ఉంది.

పై వాక్యం కొట్టేయాలి.

జూన్ 11

గొంతు డాక్టరు దగ్గరికి ముగ్గురం వెళ్లాం. మెడలో ఊపిరి తీసుకునే రంధ్రం వెనక చిన్న కవాటం పెడితే, వేలు అడ్డం పెట్టుకుని మాట్లాడవచ్చట. మళ్లీ ఓ ఆపరేషన్. చిన్నదే. తర్వాత రోజూ శుభ్రం చేసుకోవాలి, ఎప్పటికప్పుడు మార్పించుకోవాలి. గొంతు బొంగురుగా వస్తుంది, కానీ మనిషి గొంతే.

మా ఆయన మొహం వెలిగిపోయింది. "ఎప్పుడు చేద్దామంటారు?" అన్నాడు.

డాక్టరుగారు ఆయన్ని కాదన్నట్టు అత్తయ్యగారి వైపు తిరిగి, "మీరేమంటారమ్మా?" అన్నారు. అత్తయ్యగారు తల ఊపారు.

"సరేనంటున్నారు" అన్నాను నేను. ఈ ఏడాదిగా ఆవిడ సైగలన్నీ నేనే చెబుతున్నాను, నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది.

డాక్టరుగారు ఒప్పుకోలేదు. "మీరు చెబితే కాదమ్మా. ఇరవై ఎనిమిదిన రండి. ఆవిడే ఆవిడ మాటల్లో నాకు చెప్పాలి. అప్పుడే కోత." పలక మీద రాయొచ్చు కదా అంటే, పోయిన ఏడాది ఆపరేషన్లో నరం దెబ్బతిని ఆవిడ కుడిభుజం పైకి లేవదు, ఒక్క మాట రాసేసరికి చేయంతా లాగేస్తుంది. ఫోన్లో అక్షరాలు ఆవిడ కంటికి ఆనవు. కాబట్టి మళ్లీ కంప్యూటరే. కాబట్టి మళ్లీ నేనే.

ఆ ముక్క చెప్పించడం నా పూచీ. కవాటం వస్తే ఈ లినక్స్ గొడవ నాకూ తప్పుతుంది. ఆవిడ మంచి కోసమే అంటున్నాను.

జూన్ 13

చిట్కా: చెక్క సొరుగు బిగుసుకుపోతే అంచులకు కొవ్వొత్తి రుద్దండి. (అత్తయ్యగారు గొంతున్న రోజుల్లో చెప్పిందే. నా పేరు మీద వేశాను.)

ప్రశ్న: తెలుగు అక్షరాల్లో ట, డ, ణ, ళ పడటం లేదు, ఏం చేయాలి?

తుప్పుబోల్టు వివరంగా చెప్పాడు. ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు పడే పద్ధతి ఇది. చిన్న టీ కొడితే త. షిఫ్ట్ పట్టుకుని పెద్ద టీ కొడితే ట. అలాగే ద, డ. న, ణ. ల, ళ. మిగిలినవన్నీ చిన్న అక్షరాలతోనే వస్తాయి. "షిఫ్ట్ మీట చెడిపోయిందేమో చూడన్నా."

దుకాణం నుంచి ఇంటికెళ్లి చూశాను. షిఫ్ట్ పట్టుకుని పెద్ద టీ కొట్టాను. ట. పెద్ద డీ కొట్టాను. డ. "టపాకాయ, డబ్బా, బాణం, కళ్లు." కాంట్రాక్టరు అన్నీ పద్ధతిగా చదివాడు.

"చూశారా అత్తయ్యా, బాగానే ఉంది. మీరూ షిఫ్ట్ నొక్కండి, వస్తాయి."

ఆవిడ మళ్లీ మీటల మీద వేలు పెట్టిన సంతోషం నాకు ఎక్కువసేపు నిలవలేదు. నిదానంగా కొట్టారు. కాంట్రాక్టరు చదివాడు: "నొక్కినా రావు."

"నేను నొక్కితే వస్తున్నాయి కదా."

"నొక్కినా రావు."

వంటింట్లో ఏదో పొంగింది. పరుగెత్తాను.

జూన్ 14

నేను కొడితే వస్తుంది. ఆవిడ కొడితే రాదు. ఇదే ముక్క సైటులో పెడితే నిద్రమాలోకం అనే ఆవిడ, "అయితే కంప్యూటర్‌లో తప్పు లేదు సోదరా, అత్తగారిలో ఉంది" అని రాసింది. దానికి బోలెడు లైకులు. నేనూ ఒకటి కొట్టాను.

జూన్ 15

కొత్త వేషం.

పొద్దున కూరగాయలు తరుగుతున్నాను. ముందు గదిలోంచి కాంట్రాక్టరు గొంతు:

"అమ్మాయీ, గవాక్షం తెరువు."

ఏం తెరవాలో అర్థం కాక చేతిలో కత్తితోనే వెళ్లాను. ఆవిడ వేలితో కిటికీ చూపించారు. గవాక్షమట. ఈ ఇంట్లో ఇన్నేళ్లుగా దాన్ని కిటికీ అనే అంటున్నాం. కిటికీ కూడా ఆ పేరు విని ఉండదు.

తర్వాత "తేనీరు". అంటే టీ. మధ్యాహ్నం "భోజనం చాలు, కొంచెం నీరు." సాయంత్రం మా ఆయన వచ్చాక, "బాబూ, దూరదర్శిని ఆపు." వాడు, అంటే ఆ మగగొంతు, ఇదంతా చదువుతుంటే రాజుగారి ఆస్థానంలో దారితప్పి వచ్చిన లారీ డ్రైవరులా ఉంది. మా ఆయన టీవీ ఆపి నా వైపు చూశాడు.

"అమ్మ ఎందుకిలా మాట్లాడుతోంది?"

"మనం నవ్వామని కోపం. పండితురాలి భాషలో సాధిస్తున్నారు" అన్నాను.

కాక ఇంకేమిటి.

జూన్ 17

ఆవిడ పాండిత్యం సైటులో పెట్టాను, ఊరికే నవ్వుకోవడానికి. తప్పయింది. జనం ఆవిడ చిట్కాలే కావాలంటున్నారు. చెంచా అనే పేరున్న ఒకావిడ, "ఒకదానిలో ఒకటి ఇరుక్కున్న గాజు గ్లాసులు రావట్లేదు, మీ అత్తగారిని అడిగి చెప్పండి" అని రాసింది. అడిగాను. అత్తయ్యగారు ఒక్క క్షణం ఆలోచించి కొట్టడం మొదలుపెట్టారు. చాలాసేపు పట్టింది. మధ్యలో నేను రెండు గిన్నెలు కడిగి వచ్చాను.

"పై పాత్రలో చల్లని నీరు పోసి, కింది పాత్రను కాగిన నీరున్న గిన్నెలో ఉంచు. వేరవుతాయి."

ఆ వాక్యాన్ని ఉన్నది ఉన్నట్టు పెట్టాను. చెంచా గ్లాసులు విడిపోయాయట. అంత చదువుకున్న అత్తగారు దొరకడం నా అదృష్టమట. నా అదృష్టం గురించి జనానికి నాకంటే బాగా తెలుసు.

అత్తయ్యగారికి చదివి వినిపించాను. ఆ సాయంత్రమంతా ఆవిడ కంప్యూటర్ మూత తెరిచే ఉంచారు.

జూన్ 20

పొద్దున మా ఆయన బూట్లు వేసుకుంటూ, "ఆపరేషన్‌కు లీవు రాసేశాను" అన్నాడు.

"ఇంకా ఇరవై ఎనిమిది రానేలేదు."

"డాక్టరు అడుగుతాడు, అమ్మ ఔనంటుంది, అయిపోతుంది. ఏమ్మా?"

అత్తయ్యగారు కొట్టడం మొదలుపెట్టారు. ఆయన ఫోన్ మోగింది. ఎక్కడో లిఫ్టు రెండు అంతస్తుల మధ్య ఆగిందట. "సాయంత్రం మాట్లాడుకుందాంలే అమ్మా" అని తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయాడు. మెట్ల మీద అడుగులు వినబడటం ఆగిపోయాక కాంట్రాక్టరు ఆ తలుపుతో అన్నాడు:

"ఆగు బాబూ."

"వెళ్లిపోయాడు అత్తయ్యా. సాయంత్రం చెబుదురు గాని."

సాయంత్రం నేనే మరిచిపోయాను. దుకాణంలో ఒక పెద్దమనిషి ఎడమకంటి అద్దం కుడికంటికి వేయించామని గొడవ. వేయించలేదు. కళ్లజోడు తిరగేసి పెట్టుకున్నాడు.

జూన్ 22

తుప్పుబోల్టు చెప్పిన ప్రకారం కీబోర్డు పద్ధతి మార్చాను. రాలేదు. మళ్లీ మార్చాను. ఇంగ్లీషు కూడా పోయింది. పాతదానికి తిప్పాను. ఇప్పుడు నేను కొట్టినా పడటం లేదు. అర్ధగంట తర్వాత పడింది, ఎందుకో నాకు తెలియదు, దానికీ తెలియదు.

స్వేచ్ఛ అంటే ఇదేనేమో. ఎవరి మీదా ఫిర్యాదు చేయలేం.

పాత ప్రోగ్రాం అమర్చిన అమ్మాయి, ఆస్పత్రిలో మాటలు నేర్పే అమ్మాయి, దాన్ని ఎంత పద్ధతిగా పెట్టి ఇచ్చిందో ఇప్పుడు తెలుస్తోంది. ఆస్పత్రికి ఫోన్ చేశాను. ఆ అమ్మాయి మానేసి వెళ్లిపోయిందట.

జూన్ 24

ఇవాళ గట్టిగానే అన్నాను.

"అత్తయ్యా, ఇరవై ఎనిమిదిన డాక్టరుగారి ముందు ఈ గవాక్షాలూ తేనీళ్లూ వద్దు. మామూలుగా మాట్లాడండి. షిఫ్ట్ నొక్కడం మీకు రాదంటే నేను నమ్మను. పాత కంప్యూటర్‌లో అన్నీ కొట్టారు కదా. నన్ను సాధించడానికి కాకపోతే ఎందుకిదంతా?"

ఆవిడ వేలు మీటల మీద పెట్టారు. తీసేశారు. మళ్లీ పెట్టి, "పొరపాతు" అని కొట్టి, ఆ మాట వాడు చదివేలోపే చెరిపేశారు. తెర మీద నేను చూశాను కాబట్టి తెలుసు.

కావాలనే. కావాలనే చేస్తున్నారు.

జూన్ 25

పొద్దుటి నుంచి మూత తీయలేదు. నేను పట్టించుకోలేదు.

జూన్ 27

రేపే. మా ఆయన తన అమ్మకు గొంతు వస్తే మొదట ఏం మాట్లాడించాలో ఆలోచిస్తున్నాడు. బస్టాండు ప్రకటన ఒకటి చెప్పించి ఫోన్లో దాచుకుంటాడట. ఆ మాట రెండుసార్లు చెప్పాడు. నాకు జాలేసింది. చేతిలో బట్టలు మడతపెడుతూ ఉండిపోయాను.

అత్తయ్యగారు విన్నారు. తల ఊపారు.

జూన్ 28

దుకాణానికి సెలవు. అయినా తాళం తీసుకుని వచ్చి కూర్చున్నాను. ఇంట్లో రాయలేను.

డాక్టరుగారి గదిలో బల్ల మీద కంప్యూటర్ పెట్టి తెరిచాను. అత్తయ్యగారిని దాని ముందు కూర్చోబెట్టాను. "చెప్పండమ్మా, ఆపరేషన్ చేయించుకుంటారా?" అని ఆయన ఆవిడనే అడిగారు.

మా ఆయన, "ఆవిడ సిద్ధమేనండీ, ముందే..." అని మొదలుపెట్టాడు.

డాక్టరుగారు చెయ్యెత్తి ఆపారు. అందరం కూర్చున్నాం. ఆవిడ కొట్టుకుంటూ పోతున్నారు. ఒక్కో మీటా టక్కుమంటోంది. బయట ఎవరో దగ్గుతున్నారు. నాకు ఎప్పటిలాగే లేచి ఏదైనా పని చూసుకోవాలనిపించింది, కానీ ఆ గదిలో నాకు పనేమీ లేదు. ఆవిడ కొడుతుంటే మొదటి నుంచి చివరి దాకా పక్కనే కూర్చోవడం నాకు ఇదే మొదటిసారి అని అప్పుడు తెలిసింది.

వాడు చదివాడు. అదే మోటు గొంతు, అదే తీరు, ఎత్తూ పల్లం లేకుండా:

"నాకు భయంగా ఉంది. మరోసారి కోత వద్దు. నన్ను ఇలా ఉంచితే చాలు."

డాక్టరుగారు నెమ్మదిగా, "మరి పోయినసారి సరేనన్నారని మీవాళ్లు చెప్పారే" అన్నారు.

మళ్లీ టక్కు టక్కు.

"తల ఊపాను. కాదని ఊపాను."

డాక్టరుగారు కలం మూత పెట్టేశారు. "అంతేనమ్మా. మీరు వద్దంటే వద్దు. ఎప్పుడైనా మనసు మారితే రండి, మారకపోతే ఊరికే చూపించుకోవడానికి రండి."

మా ఆయన ఇంటి మెట్ల దగ్గర నన్ను ఆపి, "ఆ యంత్రమే తప్పు పలికిందేమో. అన్నీ తప్పే పలుకుతోంది కదా. అమ్మ ఇంకేదో కొట్టబోయి ఉంటుంది" అన్నాడు. నాకూ కాసేపు అలాగే అనిపించింది. అలా అయితే బాగుండునని అనిపించింది.

ఇక్కడికొచ్చి ఆవిడ అన్న ముక్కలు పైన రాశాను. రాసి, చదివాను. ఎంత చక్కగా ఉన్నాయో అనుకున్నాను. ఒక్క ముద్దుమాట లేదు, ఒక్క తప్పు లేదు. తర్వాత మళ్లీ చదివాను.

ట లేదు. డ లేదు. ణ, ళ లేవు.

వెనక పేజీలు తిప్పాను. గవాక్షం. తేనీరు. దూరదర్శిని. కొడుకును పట్టుకుని బాబూ, కోడలిని పట్టుకుని అమ్మాయీ. "నొక్కినా రావు." గ్లాసుల చిట్కా అంతా వెతికాను. పదేపదే వెతికాను. రాని అక్షరం ఒక్కటి కూడా పడనివ్వలేదు. ఆవిడకు షిఫ్ట్ నిజంగానే పడటం లేదు. పడటం లేదని చెప్పారు కూడా. నేను వినలేదు. మళ్లీ నోరు తెరిచి పసిపిల్లలా వినబడటం ఇష్టం లేక, తెలిసిన తెలుగంతా జల్లెడ పట్టి, ఆ అక్షరాలు లేని మాటలే ఏరుకుని మాట్లాడారు. నేను గిన్నెలు కడుక్కుంటుంటే ఆవిడ అక్కడ కూర్చుని చేస్తున్న పని అదీ.

ఏడుపొచ్చింది. కోపం కూడా వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు కాబట్టి అద్దాలు కోసే యంత్రం మీద గట్టిగా గుడ్డ విసిరాను.

జూన్ 29

సైటులో జరిగిందంతా పెట్టాను. చిట్కా పెట్టలేదు. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. నేను అన్నను కాను, కోడలిని అని కూడా రాశాను.

నిద్రమాలోకం, "క్షమించక్కా" అని రాసింది. తుప్పుబోల్టు మళ్లీ కీబోర్డు పద్ధతి మార్చమన్నాడు. చెంచా మాత్రం ఒకే ప్రశ్న వేసింది.

"ఆవిడ కొడుతుంటే చేతులు చూశారా?"

ఇంటికెళ్లి చూశాను. పక్కన కుర్చీ వేసుకుని చూశాను. కుడిచేయి ఒళ్లో ఉంది. అది లేవదు. ఎడమ చూపుడువేలు షిఫ్ట్ దగ్గరికి వెళ్లి నొక్కింది, లేచింది, నెమ్మదిగా వెళ్లి టీని నొక్కింది. షిఫ్ట్ మీద ఒక వేలు ఉంచి, ఇంకో వేలితో అక్షరం కొట్టాలంటే రెండు చేతులు కావాలి. నాకున్నాయి. ఆవిడకు ఉన్నది ఒకటి, అందులోనూ ఒక వేలు.

చెంచాకు రాశాను. ఆవిడ జవాబు:

"మా నాన్నకూ ఒక్క చెయ్యే. షిఫ్ట్ ఒకసారి నొక్కి వదిలేస్తే, తర్వాతి అక్షరం దాకా అది పట్టుకునే ఉండేట్టు చేసే అమరిక ఉంటుంది. మీ పాత కంప్యూటర్‌లో ఎవరో పెట్టి ఉంటారు, మీరు తుడిచేసినప్పుడు అది కూడా పోయింది. లినక్స్‌లోనూ ఉంది. అందుబాటు సౌకర్యాలు అన్న చోట చూడండి. తెర మీద స్విచ్‌లాంటి ఒక్క గీత పక్కకు జరపాలి, అంతే."

ఒక్క గీత. ఈ నెలంతా.

జూన్ 30

జరిపాను.

మా ఆయన పనికి వెళ్లాడు. వెళ్లేముందు తల్లి పక్కన కాసేపు కూర్చుని, ఆవిడ చేయి ఓసారి పట్టుకుని, వదిలి వెళ్లాడు. లీవు రద్దు చేసుకున్నానని నాతో మాత్రం మెట్ల మీద చెప్పాడు.

"అత్తయ్యా, ఇప్పుడు షిఫ్ట్ నొక్కి వదిలేయండి. తర్వాత అక్షరం కొట్టండి."

ఆవిడ నమ్మలేదు. నమ్మడానికి నేనేం చేశాను కనుక. అయినా నొక్కారు, వదిలారు, పెద్ద టీ కొట్టారు. తెర మీద ట పడింది. దాన్ని చెరిపారు. మళ్లీ కొట్టారు. మళ్లీ పడింది. ఇక మొదట ఏమంటారో నాకు తెలుసుననుకున్నాను. కిటికీ అంటారనుకున్నాను. నన్ను తిడతారనుకున్నాను, అదే మేలనుకున్నాను.

కొట్టారు. నేను లేవలేదు. గ్యాస్ మీద ఏమీ పెట్టలేదు.

"ఇన్నాళ్లలో ఒక్కరైనా నన్ను అడిగారా?"

వాడు ఎప్పటి గొంతుతోనే చదివాడు. ళ స్పష్టంగా ఉంది, డ స్పష్టంగా ఉంది. ఆ మాట ఈ నెలలో ఎప్పుడు అనబోయినా "అదిగారా" అని వచ్చేది. అందుకే అనలేదు. నవ్వుతామని.

"మేం అనుకున్నాం అత్తయ్యా..." అని మొదలుపెట్టాను. ఉక్కగా ఉంది, ఆవిడ నుదురంతా చెమట. లేచి ఫ్యాన్ వేయబోయాను. స్విచ్ మీద చేయి పడ్డాక ఆగిపోయాను.

"ఫ్యాన్ వేయమంటారా?" అని అడిగాను.

ఆవిడ నన్ను చూసి, తెర వైపు తిరిగి, వేలు షిఫ్ట్ మీదికి తీసుకెళ్లారు. పెద్ద సమాధానమే ఉన్నట్టుంది. స్విచ్ దగ్గరే నిలబడ్డాను.